జోగయ్యకు ఇష్టం లేదని రాసింది నేనే

ఈ బరువు ఎంతో నాకు కచ్చితంగా తెలుసు. అట్టపెట్టెతో, వైర్లతో, రెండు కంట్రోలర్లతో కలిపి ఐదు కిలోలకు కాస్త తక్కువ. ఖమ్మంలో ఇప్పటికి మూడు ఇళ్లు మారాను. మంచాలూ బీరువాలూ ట్రాలీ ఆటోలో ఎక్కించి, ఈ పెట్టెను మాత్రం ప్రతిసారీ ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. "ఏమున్నది సార్ అండ్ల, బంగారమా?" అని ఆటో అతను ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. పదిహేనేళ్లు దాటింది. ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ చూపించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను. ఇదేం గొప్ప ధైర్యం కాదని నాకూ తెలుసు.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు అంటారా? పోయిన నెల ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు మాట్లాడమని పిలిచారు. వీడియో గేములు తయారుచేసే బయటి వాళ్లు, అంటే మిషను ఒకరిదీ ఆట ఒకరిదీ అయినప్పుడు ఆట వైపున ఉండేవాళ్లు, ఏ మిషనుకు చేయాలో ఎలా ఎంచుకుంటారు అన్నది విషయం. ఒకప్పుడు నేను ఒక ఆట చేశానని ఎవరో వాళ్లకు చెప్పారు. ఆ ఒక్క ఆటతో ఈ ఊళ్లో నేను ఇంకా చలామణీ అవుతున్నాను. వెళ్లి గంటసేపు మాట్లాడాను. ఏ మిషను ఎక్కువ ఇళ్లలో ఉందో చూస్తారు అన్నాను. దేనిమీద పని తేలికో చూస్తారు, ఇబ్బంది వస్తే ఫోనెత్తి సాయం చేసే మనిషి ఏ కంపెనీలో ఉన్నాడో చూస్తారు, మిగతావాళ్లు ఎటు పోతున్నారో ఓ కన్నేసి ఉంచుతారు అన్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. చివర్లో ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి, "మరి మీరు మీ మిషనును ఎందుకు ఎంచుకున్నారు సార్?" అని అడిగింది.

"మా ప్రాంతం పిల్లల దగ్గర అదే ఉంది కాబట్టి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు అరగలేదు నాకు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నేను చెప్పిన జవాబు నాది కాదు. అది జోగయ్య మాట. అతని దగ్గర ఎత్తుకొచ్చిన మాటను పదిహేనేళ్లుగా నా మాటగా చెప్పుకుని తిరుగుతున్నాను. అసలు జవాబు ఎవరికీ చెప్పలేదు.

జోగయ్య అతని అసలు పేరు కాదు. పేరు మార్చి రాస్తున్నాను. దీన్నిబట్టే నా సంగతి మీకు అర్థమై ఉండాలి.

మాది వైరా దగ్గర. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. నేను పొలం వైపు చూడకుండా కంప్యూటర్లు చదివి, ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతూ, ఏదో ఒకరోజు పెద్ద ఆట ఒకటి చేసి అందరి నోళ్లూ మూయిస్తానని అనుకుంటూ బతికేవాణ్ణి. ఎవరి నోళ్లు? ఎవరూ నన్నేమీ అనలేదు. అయినా మూయించాలని ఉండేది.

రెండు వేల ఐదో ఆరో, ఒక వేసవిలో జోగయ్య మా సెంటర్‌కు వచ్చాడు. పినపాక అవతల అడవిలో వాళ్ల ఊరు. కోయవాళ్లు. ఆ పక్కనే ఒక ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా చేసేవాడు. సెలవుల్లో కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకుందామని వచ్చాడు. నా వయసువాడే. మొదటి రోజు నన్ను సారు అన్నాడు, చివరిదాకా సారు అనే అన్నాడు. నేను అతన్ని నువ్వు అన్నాను. అతనూ మాస్టరే కదా, నేనెందుకు సారు అనలేదు? ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. తట్టకపోవడంలోనే చాలా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

మూడో వారంలో అతను వేసిన బొమ్మ ఒకటి చూసి ఆగిపోయాను. ఇప్పచెట్ల మధ్య బుట్ట పట్టుకున్న చిన్న మనిషి. దూరంగా, చెట్టు ఏదో ఎలుగు ఏదో తెలియనంత నల్లగా ఒక ఎలుగుబంటి. ఏమిటని అడిగితే చెప్పాడు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. మనుషులకంటే ముందు ఎలుగులు వస్తాయి దానికోసం. అందుకని ఏరేవాళ్లు చెట్టుకొకరు విడిపోయినా ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటూ ఉంటారు. ఎటు అలికిడైందో పిలుపులోనే చెబుతారు. పిలిస్తే వెంటనే పలకాలి. పలక్కపోతే మళ్లీ పిలుస్తారు. మూడోసారికి కూడా పలక్కపోతే, పిలిచినవాళ్లు బుట్ట కింద పెట్టేసి వెతుక్కుంటూ వస్తారు.

"పువ్వు పోతే పోనీ అని బుట్ట పెట్టేస్తరు సారు. మా అమ్మ నా కోసం ఎన్నిసార్లు పెట్టిందో" అన్నాడు. చిన్నప్పుడు కావాలనే పలికేవాడు కాదట.

ఇదే ఆట అని ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. కళ్లతో ఆడే ఆట కాదు, చెవులతో ఆడేది. తెర మీద మసక చీకటి. ఎటునుంచి పిలుపు వస్తోంది, ఎంత దూరం, ఏమని హెచ్చరిస్తోంది, అది విని పువ్వు ఏరాలి, బటన్ నొక్కి పలకాలి. ఆలోచన అతనిది, బొమ్మలు అతనివి, గొంతు వాళ్ల అమ్మది. ప్రోగ్రాం నాది. రెండేళ్లు ఇద్దరం కూర్చున్నాం దాని మీద. అతను శనివారం మణుగూరులో బస్సెక్కి వచ్చేవాడు, ఆదివారం పొద్దుపోయేలోగా వెళ్లిపోయేవాడు. నా గదిలో వండుకునేవాళ్లం. నా జీవితంలో నేను ఒంటరిగా లేని రోజులు అవే. అప్పుడు ఆ సంగతి తెలియలేదు నాకు. పని అనుకున్నాను.

మిషను దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ. అప్పట్లో మా వైపు పిల్లలకు తెలిసింది ఒకటే మిషను. టీవీకి తగిలించే చవక పెట్టె, పైన క్యాసెట్ గుచ్చితే ఆట వస్తుంది. ఇల్లందులో, మణుగూరులో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేది, సంతల్లో గంట చొప్పున ఆడించేవాళ్లు. దానికి ఆట చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది ఒక విదేశీ కంపెనీ మిషను. కొత్తగా మన దేశానికి వచ్చింది. మా జిల్లాలో అది ఎవరింట్లో ఉందో నాకు తెలియదు. కానీ దాంట్లో గొంతులు, అడవి చప్పుడు, కుడీ ఎడమా, దూరం దగ్గరా, అన్నీ పడతాయి.

"మా బడి పిల్లలు ఆడాలె కద సారు. వాళ్ల కాడ లేని మిషనుకు చేస్తే ఎవరు ఆడుతరు?" అనేవాడు జోగయ్య.

నేను నవ్వేవాణ్ణి. హైదరాబాదులో ఆ కంపెనీ వాళ్లు పెట్టిన సభకు వెళ్లొచ్చాక ఇంకా రెచ్చిపోయాను. అక్కడ బెంగళూరు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నమాట చెప్పింది. ఆటలుంటే జనం మిషను కొంటారు, జనం కొంటే మీరు ఆటలు చేస్తారు, ఎవరో ఒకరు ముందు అడుగు వేయకపోతే ఇద్దరం ఇలాగే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం అంది. ఆ ముందు అడుగు నాదే అయితే? అదీ నా ఊహ. పెద్ద కంపెనీ, చిన్న ఊరు, నేను. పేపర్లో ఫొటో కూడా ఊహించుకున్నాను. ఆ ఫొటోలో జోగయ్య ఉన్నాడా? ఉన్నాడనే అనుకుంటాను. కాస్త వెనకగా.

జోగయ్య చివరికి ఒప్పుకున్నాడు. అమ్మ గొంతు పడుతుందన్న ఒక్క మాటకు ఒప్పుకున్నాడు.

గొంతు రికార్డు చేయడానికి వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్ల అమ్మ ముత్తమ్మ అప్పటికే పెద్దావిడ. తెలుగు తక్కువ, ఎక్కువగా కోయ భాషే. మైకు ముందు కూర్చోబెట్టి పిలవమంటే పిలవలేదు. ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఎట్లా పిలుస్తానని కొడుకుతో అంది. మనిషి కనబడకుండా పోతేనే పిలుపు వస్తుందట. జోగయ్య నవ్వుకుంటూ లేచి చేను దాటి చెట్లలోకి వెళ్లిపోయాడు. అప్పుడు పిలిచింది. ఆటలోని మనిషికి మేం పేరు పెట్టలేదు. ఆమె మాత్రం, "జోగా" అనే పిలిచింది. తర్వాత ఎలుగు ఎటు ఉందో వాళ్ల భాషలో చెప్పింది. చెట్లలోంచి జోగయ్య పలికాడు. ఎన్ని చోట్ల నిలబడమంటే అన్ని చోట్ల నిలబడ్డాడు, ఆమె అన్నిసార్లూ పిలిచింది. అయిపోయాక హెడ్‌ఫోన్లలో తన గొంతు తనకు వినిపిస్తే, వాటిని చెవికి గట్టిగా అదుముకుని మళ్లీ పెట్టమంది. మళ్లీ, మళ్లీ. బెంగళూరోళ్లు కూడా వింటారా అని అడిగించింది. వింటారన్నాను. పకపకా నవ్వింది. మోదుగాకులో ఉడికించిన ఇప్పపువ్వు పెట్టింది నాకు.

ఆమె ఎంత సంతోషపడిందో ఇంతగా ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కొన్ని బొమ్మలూ ఒక పిలుపూ పంపి కంపెనీని అడిగాం. కొన్ని నెలలకు వాళ్లు మాకు మిషను ఒకటి పంపారు. దుకాణంలో అమ్మేది కాదు. ఆటలు తయారుచేసేవాళ్లకు వాడుకోమని ఇచ్చేది. ఆ పెట్టే ఈ పెట్టె. కొరియర్ నా పేరు మీద వచ్చింది, ఎందుకంటే చిరునామా నాది, ఈమెయిలు నాది. జోగయ్య ఊళ్లో ఫోను సిగ్నలే లేదు. అతనికి చెప్పకుండా, పూర్తిచేశాకే చూపించి ఆశ్చర్యపరుద్దామని అనుకున్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు. నెలన్నర కష్టపడ్డాను. ఒకరోజు మధ్యాహ్నం నా గదిలో ముత్తమ్మ గొంతు ఎడమ చెవి వెనకనుంచి, చేనుకు అవతలి నుంచి వచ్చినట్టే వచ్చింది. ఒళ్లు జలదరించింది. ఆటను రెండు డిస్కుల్లోకి ఎక్కించి ఒకటి బెంగళూరు పంపాను. ఇంకొకటి, జవాబు వచ్చాక జోగయ్యకు చూపిద్దామని నా దగ్గర ఉంచుకున్నాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీసుకుని అక్కడే నిలబడి చదివాను. ఆట అద్భుతంగా ఉందన్నారు. దాని ప్రాణమంతా ఆ పిలుపులోనూ ఆ బొమ్మల్లోనూ ఉందన్నారు. బొమ్మలు వేసిన ఆయనా, ఆ అమ్మా బెంగళూరు వచ్చి రెండు నెలలుంటే ఇంకా చాలా పిలుపులు రికార్డు చేసుకుంటామన్నారు. బస, ప్రయాణం, అన్నీ వాళ్లే చూసుకుంటారట. తర్వాత చిన్న పేరా. ప్రోగ్రాం వాళ్ల ప్రమాణానికి సరిపోదట, వాళ్ల మనుషులే మొదటినుంచీ మళ్లీ రాస్తారట. నేను ఆ ఇద్దరికీ వాళ్లకూ మధ్య సమన్వయం చేసి పెడితే చాలునట.

సమన్వయం. ఇంగ్లీషులో ఎంత మర్యాదగా ఉంది ఆ మాట! రెండేళ్లు కళ్లు మండేలా రాసిన ప్రోగ్రాం చెత్తబుట్టకు, నేను బస్సు టిక్కెట్లు బుక్ చేసేవాణ్ణి. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని బయటికొచ్చాను. ఏడుపొచ్చింది. అసూయ అని ఒక్కమాటలో చెప్పేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ, అది సగమే నిజం. ఒక ప్రోగ్రామర్ నన్ను మించిపోయాడంటే ఓర్చుకునేవాణ్ణేమో. అడవిలోంచి వచ్చి నన్ను సారు అని పిలిచే మనిషినీ, అక్షరం రాని వాళ్ల అమ్మనూ రమ్మని, నన్ను వద్దన్నారు. అది ఓర్చుకోలేకపోయాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇంత చదువు చదివి, అతనితో ఒకే కంచంలో తిని, లోపల నేను ఇదన్నమాట.

మర్నాడు జవాబు రాశాను. నాలుగు వాక్యాలు. బొమ్మలు వేసిన జోగయ్యకు బెంగళూరు రావడం ఇష్టం లేదు. ఆ అమ్మ గొంతును బయటివాళ్లు వాడుకోవడం వాళ్ల ఆచారానికి విరుద్ధం. ఊరి పెద్దలు అభ్యంతరం చెబుతున్నారు. కాబట్టి ఆటను ఉపసంహరించుకుంటున్నాం.

అలాంటి ఆచారం ఏదీ లేదు. ఏ పెద్దా ఏమీ అనలేదు. చెవికి అదుముకుని మళ్లీ మళ్లీ విని నవ్విన మనిషి పేరు చెప్పి రాశాను ఆ మాట. వాళ్ల ఇంట్లో తిన్న చేత్తోనే రాశాను. ఎందుకు ఆచారం అన్నానో తెలుసా? ఆ మాట అంటే చదువుకున్నవాళ్లు ఇంకేమీ అడగరని నాకు తెలుసు. అనుకున్నట్టే అయింది. వాళ్ల మనోభావాలను గౌరవిస్తాం అని ఎంతో మన్ననగా జవాబిచ్చారు. మిషను కొన్నాళ్లు ఉంచుకోమన్నారు. ఆ తర్వాత ఆ బెంగళూరావిడ ఉద్యోగం మారింది, దాన్ని వెనక్కి అడిగినవాళ్లే లేరు.

ఆ ఆదివారం, వస్తున్నానని ముందే బడికి కబురు పంపి, నేనే మణుగూరు వెళ్లాను. జోగయ్య బస్టాండ్ ముందు చాయ్ బండి దగ్గర ఎదురుచూస్తున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఏదో కబురు వచ్చి ఉంటుందని అతనికి అర్థమై ఉండాలి, లేకపోతే నేనెందుకు అంతదూరం వెళ్తాను? ఆ మాటలు ఒక్కటి కూడా మరచిపోలేదు.

"ఏమన్నరు సారు?"

"వద్దన్నారు జోగయ్యా."

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏందట? బొమ్మలు మంచిగ లేవన్నరా?"

"బొమ్మల గురించి ఏమీ అనలేదు."

"మరి అమ్మ గొంతు?"

"అది వాళ్లకు అర్థం కాదన్నారు. ఆ భాష ఎవరికి తెలుస్తుంది?"

రోడ్డు మీద బొగ్గు లారీలు పోతున్నాయి. "గట్లనే అంటరు తీయి" అన్నాడు. "మండలం దాటితెనే మా మాట ఎవనికి అర్థం గాదు. ఇగ బెంగళూరోళ్లకు ఏమర్థమైతది."

అప్పుడు నేను ఒక పని చేశాను. అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది. అతని భుజం మీద చెయ్యేసి, "నువ్వు మొదటినుంచీ అన్నదే కరెక్టు. పిల్లల దగ్గర ఏ మిషను ఉందో దానికే చేద్దాం" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. "నిజంగనా సారు? అయితే మా బడి పిల్లలు ఆడుతరు!" మరుక్షణమే, "అండ్ల అమ్మ గొంతు పడ్తదా?" అన్నాడు.

"దాంట్లో చోటు లేదు."

"కొంచెం గూడ?"

"కొంచెం కూడా లేదు."

గ్లాసు తీసుకుని అడుగున మిగిలిన చాయ్ తాగాడు. "అమ్మకు నేను సముదాయించి చెప్త. మీరేం పరేషాన్ గాకుండ్రి సారు. మస్తు కష్టపడ్డరు మీరు." నా చాయ్ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు. నా బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

నన్ను ఓదార్చాడండీ.

చోటు లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆ చవక మిషనులో పాటలూ మాటలూ పట్టవు, నిజమే. కానీ ఒక్క చిన్న పిలుపు, గరగరమంటూ, రేకు గీకినట్టు వినిపించినా సరే, పట్టేది. రెండు అక్షరాలు. అలా చేసినవాళ్లున్నారని నాకు తెలుసు. నేను ప్రయత్నించలేదు. ఆమె గొంతు వినబడినప్పుడల్లా నా ఉత్తరం నాకు గుర్తొస్తుంది కదా. అందుకే దాని బదులు 'టింగ్' అనే చప్పుడు పెట్టాను. ఎడమ నుంచి ఎలుగు వస్తే ఒక టింగ్, కుడి నుంచి వస్తే రెండు.

క్యాసెట్ వచ్చింది. బోలెడు ఆటలు కలిపి అమ్మే క్యాసెట్‌లో మాదీ ఒకటిగా వేశారు, పేరు కూడా సరిగ్గా వేయలేదు. బడి పిల్లలు వారం ఆడి, బండి రేసు ఆటకు మారిపోయారు. జోగయ్య ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. వాళ్ల అమ్మ వచ్చి తెర ముందు కూర్చుని, ఇంతసేపు విని, ఇంకెప్పుడు పిలుస్తాను నేను అని అడిగిందట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

తర్వాత మా ఆదివారాలు పల్చబడ్డాయి. నేనే పల్చన చేశాను. ఏదో పని ఉందనేవాణ్ణి. అతని కళ్లలోకి చూస్తూ కూర వండటం నా వల్ల కాలేదు. పెళ్లి మాటలు కూడా అట్లాగే దాటేశాను. అదీ దీనికే ముడిపెట్టడం అన్యాయమేమో. కానీ ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఏదో ఒకరోజు అటక మీది పెట్టె గురించి అడుగుతుంది కదా. ఆ భయం నిజంగా ఉండేది.

రెండు వానాకాలాలు గడిచాక ముత్తమ్మ చనిపోయింది. జ్వరం అన్నారు. భద్రాచలం దవాఖానాకు తీసుకొచ్చేసరికే ఆలస్యమైందట. నేను వెళ్లలేదు. నెల తర్వాత జోగయ్య ఖమ్మం వచ్చాడు, గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"అమ్మ గొంతు ఏమన్న ఉన్నదా సారు మీ కాడ? ఫోటో ఒకటున్నది. గొంతే యాదికి రాకుంట పోతున్నది."

మా రికార్డులన్నీ ఉన్న కంప్యూటరు అంతకుముందు వానల్లో పిడుగుపాటుకు కాలిపోయింది. అది అతనికీ తెలుసు. అయినా ఆశతో వచ్చాడు. మిగిలింది ఒక్కచోటే, అటక మీద, డిస్కులో. ఆ డిస్కు ఆ మిషనులో తప్ప ఎక్కడా ఆడదు. గొంతు ఇవ్వాలంటే ఎక్కడిదో చెప్పాలి, మిషను చూపించాలి. మిషను చూపిస్తే, వద్దన్నవాళ్లు ఇదెందుకు ఇచ్చారు సారు అంటాడు. అప్పుడు ఏం చెప్పాలి? అతను నిలబడ్డచోటికి నాలుగడుగుల దూరంలో, నెత్తి మీద ఉంది వాళ్ల అమ్మ.

"కాలిపోయింది కదా జోగయ్యా" అన్నాను.

"అవ్ సారు" అన్నాడు. వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నేను.

మొదటి అబద్ధానికైనా కోపం, అవమానం, ఏదో ఒక వేడి ఉంది. దీనికి ఏముంది? ఏమీ లేదు. ఒట్టి పిరికితనం. నన్ను మీరు క్షమించదలచుకుంటే మొదటిదాన్ని క్షమించండి. ఈ రెండోదాన్ని వద్దు.

అతను ఇప్పటికీ అక్కడే మాస్టరు. నెంబరు నా ఫోనులో ఉంది. ఉగాదికి శుభాకాంక్షలు పంపుతాడు, సారు అనే రాస్తాడు. పెట్టెను తీసుకెళ్లి అతని ముందు పెడతానని ఇక్కడ రాయను. రాస్తే మీరు నన్ను మంచివాణ్ణి అనుకుని ఈ పేజీ మూసేస్తారు. ఇంతకుముందు కూడా రెండుసార్లు బయలుదేరాను. ఒకసారి కొత్తగూడెందాకా, ఒకసారి ఇల్లందు దాకా. పెట్టె ఒళ్లో పెట్టుకునే వెనక్కి వచ్చాను.

ఏడాదికోసారి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, మధ్యాహ్నం పూట తలుపేసుకుని పెట్టె విప్పుతాను. ఇంకా పనిచేస్తుంది. తెర మీద అతని చెట్లు వస్తాయి. చేనుకు అవతలినుంచి ఆమె పిలుస్తుంది. నేను బటన్ నొక్కుతాను, ఆటలోని మనిషి పలుకుతాడు, ఆమెకు ధైర్యం వస్తుంది, పువ్వు ఏరుకుంటుంది. ఇన్నేళ్లుగా ఆ తల్లి కొడుకును పేరు పెట్టి పిలుస్తోంది. పలుకుతున్నది నేను.

కాలేజీలో చప్పట్లు కొట్టించుకొచ్చిన మర్నాడు కూడా పెట్టె విప్పాను. సీజను కాకపోయినా విప్పాను. "జోగా" అంది. బటన్ మీద వేలు ఉంది. నొక్కలేదు. రెండోసారి గొంతు పెంచి పిలిచింది. నొక్కలేదు. మూడోసారి పిలిచాక ఆగింది. చెట్ల చాటునుంచి ఆమె తెర మీదికి వచ్చింది. అంతకుముందు నేను ఆ బొమ్మను కదలనిచ్చిందే లేదు. జోగయ్య ఎంత బాగా వేశాడో వాళ్ల అమ్మని, నడుము కాస్త పక్కకు వంచి నడవడం కూడా. బుట్ట కింద పెట్టింది. వెతకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏం జరగాలో నేను రాయలేదు. పెద్ద కంపెనీ వాళ్లు అన్నది నిజమే, ప్రోగ్రాం నాసిరకమే. వెతికే మనిషికి దొరికే మనిషిని పెట్టడం మరచిపోయాను. అందుకని ఆమె ఆ చెట్ల మధ్యే నడుస్తూ ఉంది. తెర ఈ చివరికి వచ్చి, ఆ చివరినుంచి మళ్లీ వస్తుంది. పిలుస్తుంది. నడుస్తుంది.

చాలాసేపు చూశాను. ఎండ కిటికీ మీదనుంచి గోడ మీదికి పోయింది.

అప్పుడు పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు. "నేను జోగయ్యను కాదమ్మా" అన్నాను. "అతనికి ఇష్టం లేదని రాసింది నేనే."

ఆమె ఆగలేదు. నేను మాత్రం ఆ పూట అన్నం తిన్నాను.